చంద్రముఖి పలికిన తెలుగు

భయానకము నవరసములలో నొకటి యని మన ఆలంకారికులు లెక్కించిరి గాని, దానిని ప్రధానరసముగా గైకొని రూపకము రచించినవారు మిక్కిలి అరుదు. శృంగార వీర కరుణములకు దక్కిన పీట దానికి దక్కలేదు. వెండితెర వచ్చిన పిమ్మట ఆ కొరత తీరినది. చీకటి సాలలో వందలమంది కూర్చుండి ఒక్క వెలుగువంక చూచుటయే భయమునకు తగిన ఏర్పాటు. ఐనను చీకటియు, పొగయు, వింతచప్పుళ్లును ఎంతసేపు భయపెట్టగలవు? మొదటిసారి ఉలికిపడిన ప్రేక్షకుడు రెండవసారి నవ్వును. రెండవసారి కూడ గుండె జల్లుమనిపించునది నటన యొక్కటే. ఈ మాటకు నిదర్శనముగా నేను గ్రహించినది 2005లో వెలువడిన తమిళచిత్రము 'చంద్రముఖి'. తెలుగు సంఘపు సంచికలో తమిళచిత్రమును గూర్చి వ్రాయనేల యని చదువరులు శంకింపవచ్చును. ఆ చిత్రమున దయ్యము మాటలాడినది తెలుగు. తమిళనాట తరతరములుగా ఇంట తెలుగు మాటలాడుచు బ్రతుకుచున్న మనవంటివారికి అది చిన్న సంగతి కాదు.

దానికి ముందు తెలుగుతెరపై భయము ఏ రూపమున నుండెనో కొంచెము చెప్పవలెను. 1942లో జెమినీ సంస్థకు చిత్తజల్లు పుల్లయ్యగారు దర్శకత్వము వహించిన 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావుగారు మాయల మరాఠీ వేషము కట్టిరి. బుర్రకథలుగా పల్లెపల్లెకు తెలిసిన కథ అది. కథ తెలిసియు జనము భయపడిరనగా ఆ భయము కథలోనిది కాదు, నటునిలోనిదే. తొమ్మిదేండ్లకు, 1951లో, విజయావారి 'పాతాళభైరవి' వచ్చెను. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు, మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణము. వీనిలో దేనికిని వంక పెట్టనక్కరలేదు. ఆనాటి కెమెరా చమత్కారములు నేటి పిల్లలకు బొమ్మలాటవలె కనబడవచ్చును. నేపాళ మాంత్రికునిగా ఎస్.వి. రంగారావుగారు 'డింభకా' యని సాగదీసి పిలిచిన పిలుపు మాత్రము నేటికిని వన్నె తరుగలేదు. అంతకు ముందేడు వారే 'షావుకారు'లో సున్నపు రంగడను వీథిరౌడీ. ఏడాది తిరుగునప్పటికి నడక మారినది, మెడ నిలుపుట మారినది, మాటకు మాటకు నడుమ విడిచెడు వ్యవధి మారినది. ఆ వ్యవధిలోనే భయమున్నది. పాతాళభైరవి అదే సంవత్సరము తమిళమునను వెలువడినది. రంగారావుగారు బాల్యమున మదరాసులో చదివినవారగుటచే తమిళము వారికి పరాయిభాష కాదు.

ఈ రెండు చిత్రములలోను భయకారకుడు బయటివాడు. గడ్డము చూచి, చేతిలోని కపాలము చూచి, ఇతడే మాంత్రికుడని గుర్తింపవచ్చును. వాని ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నను ఆ చిలుకను పట్టి గొంతు నులుమువాడొకడు పుట్టితీరును. కథ ముగిసినపుడు ఇల్లు ఇల్లుగానే యుండును. చంద్రముఖి కథలో ఆ ఊరట లేదు. అందు భయకారకుడు ఇంటి కోడలి చిత్తములో నున్నాడు.

ఆ కథ మొదట మలయాళమున పుట్టినది. 1993లో ఫాజిల్ గారు మధు ముట్టం గారి రచనతో 'మణిచిత్రతాళు' అను చిత్రమును తీసిరి. కొత్తగా కాపురమునకు వచ్చిన గంగ పాతభవనములోని ఒక గది కథ వినును. పూర్వమొక ప్రభువు తంజావూరునుండి నాగవల్లి యను నర్తకిని తెచ్చి బంధించెను. ఆమె మరియొకని ప్రేమించుటచే ఆమెను చంపెను. ఆమె ఆత్మ ఆ గదిలో నున్నదని జనుల నమ్మకము. గంగ తాళము తీయించును. అది మొదలు ఇంట అపాయములు కలుగుచుండును. అందరును దయ్యమని తలతురు. భర్త స్నేహితుడైన మానసిక వైద్యుడు మాత్రము దయ్యము లేదనియు, చిన్ననాటినుండి ఒంటరియై, విన్న కథలో లీనమగు స్వభావముగల గంగయే తనకు తెలియకుండ నాగవల్లి యగుచున్నదనియు కనుగొనును. ఈ పాత్రకు శోభనగారు జాతీయ ఉత్తమనటి పురస్కారమును పొందిరి. చిత్రీకరణములో కొంత భాగము పద్మనాభపురము కోటలో జరిగినది. ఆ కోట నిలిచిన నేల 1956నుండి తమిళనాటిది, కోట ఆలనాపాలనలు మాత్రము కేరళప్రభుత్వమువి. రెండు భాషల కథకు రెండు రాష్ట్రముల కోట అమరుట యాదృచ్ఛికమే గాని ముచ్చటగా నున్నది.

కథ అక్కడ ఆగలేదు. 2004లో పి. వాసుగారు దానిని కన్నడమున 'ఆప్తమిత్ర'గాను, 2005 ఏప్రిల్ 14న తమిళమున శివాజీ సంస్థవారికి 'చంద్రముఖి'గాను తీసిరి. 2007లో ప్రియదర్శన్ గారు హిందీలో 'భూల్ భులయ్యా' తీసిరి. ఒక విశేషము గమనింపదగినది. మలయాళచిత్రమున నర్తకి తమిళము మాటలాడును. కన్నడచిత్రమున తెలుగు. తమిళచిత్రమునను తెలుగు. హిందీలో రాజస్థానపు భవనమున ఆమె వంగభాష పలుకును. దయ్యము ఎచ్చటికి పోయినను పొరుగువారి భాషయే మాటలాడినది!

ఇది అలంకారముకొరకు చేసిన మార్పు కాదు. కథ నిలుచుట కిది ఆధారస్తంభము. భర్త ఎదుట భార్య నిలుచుండును; అదే ముఖము, అదే చీర. ఆమె ఆమె కాదని ప్రేక్షకునికి క్షణకాలములో తెలియవలెను. రెక్కలు మొలిపింపరాదు, కోరలు పెట్టరాదు, ఏలయన కథ ప్రకారము దయ్యమే లేదు. నటికి మిగిలినవి కన్నులు, మెడ, చేతులు, నాలుక. నాలుక మారినచో మనిషి మారినట్లే యని దర్శకులు గ్రహించిరి. అన్యోన్యముగా ఉన్న దంపతులలో భార్య భర్తకు తెలియని భాషలో ఒక్క వాక్యము పలికిన చాలును, ఆ గదిలోని గాలి మారిపోవును.

ఈ మార్పును శోభనగారు సాధించిన తీరు ముందుగా చెప్పవలెను. భర్త ఆమెను బయటికి పోవలదని వారించుట, ఆమె మొదట బ్రతిమాలుకొనుట, పిదప కంఠము దిగుట, చూపు నిలిచిపోవుట, చివరకు మంచమును ఒంటిచేత ఎత్తుట - ఈ ఘట్టము మలయాళ చలనచిత్ర చరిత్రలో ప్రసిద్ధము. జనులు మంచమును గూర్చి చెప్పుకొందురు. నా దృష్టిలో గొప్పతనము మంచమునకు ముందున్న రెండు మూడు క్షణములది. ముఖములో ఒక్క కండరమును కదలింపక, కన్నులలోని మనిషిని మాత్రము తొలగించి మరియొక మనిషిని నిలుపుట సామాన్యము కాదు. లలిత, పద్మిని, రాగిణి యను ప్రసిద్ధ తిరువాన్కూరు సోదరీమణుల సోదరుని కుమార్తె యగుటయే గాక స్వయముగా భరతనాట్యవిదుషి యగుటచే ఆమెకు కన్ను వేరు, చూపు వేరు అను శిక్షణ కలదు. నాట్యవేదికపై నర్తకి ఒక్కతెయే నాయికయు, సఖియు, నాయకుడును కావలెను గదా. అభినయము నేర్చినవారికి పరకాయప్రవేశము నిత్యకృత్యము. ఆ చిత్రమున గంగ మలయాళమునకు భాగ్యలక్ష్మిగారును, నాగవల్లి తమిళమునకు దుర్గగారును గాత్రదానము చేసిరి. ఒక దేహమునకు రెండు గొంతులు అరువు వచ్చినవి. కుట్టు కనబడకుండ అతికినది మాత్రము శోభనగారి దేహమే.

కన్నడచిత్రమున ఈ పాత్ర సౌందర్యగారిది. కన్నడము మాతృభాషగా గలిగి, తెలుగువారి అభిమానమును ఇంటిబిడ్డవలె చూరగొన్న ఆ నటి ఆ చిత్రమున గంగగా కన్నడమును, నాగవల్లిగా తెలుగును పలుకు పాత్రను ధరించుట ఆమె జీవితమునకు అద్దమువలె నున్నది. 2004 ఏప్రిల్ 17న ఆమె బెంగుళూరు చెంత విమానప్రమాదమున మరణించిరి. ఆప్తమిత్ర ఆగస్టు నెలలో విడుదలయ్యెను. గతించిన నర్తకి కథను గతించిన నటి ముఖముననే చూడవలసివచ్చిన ఆ ప్రేక్షకుల మనఃస్థితిని వేరుగ వర్ణింపనేల.

ఇక జ్యోతికగారు. ఆమె మాతృభాష తమిళమూ కాదు, తెలుగూ కాదు. చిత్రమున ప్రధానాకర్షణ రజనీకాంత్ గారు. వారి అభిమానులకొరకు కథలో పాటలకును, పోరాటములకును, వడివేలుగారి హాస్యమునకును చాల చోటు విడువవలసివచ్చెను. మలయాళ మాతృకలోని బిగువు అందుచే సడలినదనుట నిజము. గంగకు లభించినది తక్కిన స్థలము మాత్రమే. ఆ కొంచెము స్థలములోనే ఆమె చిత్రమును తనవైపు త్రిప్పుకొనిరి. మొదటి భాగమంతయు ఆమె మందహాసముతో నెమ్మదిగా వెనుక నిలుచుండు ఇల్లాలు. కాని మూసిన గదివంక చూచునపుడు ఆ చూపు ఒక క్షణము ఎక్కువ నిలుచును. రెండవసారి చిత్రము చూచినవారికి గాని ఆ క్షణముల లెక్క తెలియదు. మంచము ఘట్టమున ఆమె కన్నులను మితిమీరి విప్పారజేసిరని కొందరి ఆక్షేపణ. శోభనగారి నిగ్రహముతో పోల్చినపుడు అది కొంత నిజమే. ఐనను వేయిమంది కూర్చుండు సాలలో కడపటి వరుసవారిని కూడ కదలింపవలసిన చిత్రమునకు ఆ పాటి విస్తారము దోషము కాదని నా అభిప్రాయము. మన వీథినాటకములలో మరియొక పద్ధతి యెన్నడు నుండెను?

చివరి నాట్యఘట్టము మాత్రము అందరును అంగీకరించునది. అందు రెండు దృశ్యములు మార్చి మార్చి వచ్చును. ఆమె మనస్సులో దీపకాంతుల రాజసభ, సర్వాభరణభూషితయైన చంద్రముఖి, ఎదుట ప్రియుడైన నర్తకుడు. వాస్తవమున అర్ధరాత్రి, జుట్టు విరియబోసికొని కాటుక చెరిగిన ఒక పిచ్చిదానివంటి స్త్రీ. అవే జతులు, అదే పాట. మొదటి దానిలో లాస్యము, రెండవ దానిలో అదే కదలిక భయానకము. రసము హస్తములో లేదు, అడుగులో లేదు, దానిని చేయుచున్నవారు తన్ను తాను ఎవరనుకొనుచున్నారను దానిలో నున్నదని తెలిపిన పాఠమిది. రజనీకాంత్ గారు కూడ ఈ భాగమున వేట్టయ్య రాజుగా తమ తారాస్థానమును మరచి క్రౌర్యమును ఆనందముతో అభినయించిరి; ఆ 'లకలకలక' యను అరుపు ఊరూర పిల్లల నోట ఆడినది. చెన్నపట్టణమున శాంతి థియేటరులో ఈ చిత్రము ఎనిమిదివందల దినములు దాటి ఆడి, 1944నాటి 'హరిదాసు' రికార్డును మించెను.

ఆ పాట తెలుగుపాట. కన్నడచిత్రమునకు గురుకిరణ్ గారు కూర్చిన వరుసనే విద్యాసాగర్ గారు గైకొన, తమిళచిత్రమునకు భువనచంద్రగారు తెలుగు వ్రాసిరి. బిన్ని కృష్ణకుమార్ గారు పాడిరి. 'రా రా' యని మొదలగు ఆ పాటను తమిళనాట పాడనివారు లేరు. తమిళ సోదరుల చెవికి ఆ మాట మంత్రమువలె, శాపమువలె వినబడినది. అర్థము తెలియనిదే గదా భయము! మన యిండ్లలో ఆ మాట ఏమి? తల్లి అన్నము వడ్డించి, వీథిలో ఆడుకొను కొడుకును పిలుచునపుడు 'రారా' యనును. అన్న తమ్ముని 'రారా' యనును. పదములలోను జావళులలోను నాయిక నాయకుని పిలుచు పిలుపును ఇదే. చనువు, ప్రేమ, కొంచెము అధికారము. ఇవి మూడును కలిసిన ఆ రెండక్షరములలో బెదిరింపు ఎచ్చటను లేదు. కావున ఒకే సాలలో కూర్చుండి, ఒకే దృశ్యము చూచి, మనవారును తక్కినవారును రెండు వేరు పాటలు వినిరని చెప్పిన అతిశయోక్తి కాదు. వారికి దయ్యము రమ్మని బెదిరించుచుండెను. మనకు ఒక దిక్కులేని ఆడుబిడ్డ తన వానిని పిలుచుకొనుచుండెను.

ఇంకొక తారుమారు కూడ జరిగినది. దర్శకుని లెక్క ప్రకారము గంగ తమిళము ఇంటిభాష, చంద్రముఖి తెలుగు పరాయిభాష. మన రాజపాళయమున నిది తలక్రిందులు. బజారులో, మిల్లులో, బడిలో, కచ్చేరిలో మనము తమిళము మాటలాడుదుము. గడప దాటి లోనికి వచ్చి, చెప్పులు విడిచి, తెలుగు మాటలాడుదుము. గంగ మామూలుగా ఉన్నంతసేపు మనకు బయటి మనిషి. ఆమెకు 'పూనకము' వచ్చిన మరుక్షణము ఇంటి మనిషి. భయపడవలసిన చోటనే మనవారికి చెవి మేల్కొన్నది. మన బిడ్డలకు మాత్రము దీనిలో ఒక చిక్కున్నది. ఇంట నాయనమ్మ మాటలాడు భాష, బయట అందరును చూచెడు చిత్రములో, వెర్రియెత్తిన స్త్రీ నోటిలో మాత్రమే వినబడినచో ఆ పసిమనస్సులో ఆ భాషకు ఏ స్థానము ఏర్పడును? చిత్రము వచ్చిన మరుసటి సంవత్సరమే, 2006లో, తమిళ అభ్యసన చట్టము వచ్చినది. ఒకటవ తరగతితో మొదలై ఏటేట పైతరగతులకు తమిళము మొదటి భాషగా తప్పనిసరి యయ్యెను. అంతవరకు తెలుగు మొదటి భాషగా చదువ వీలున్న బడులలోను తెలుగు వెనుకకు జరిగినది. దీనిని నిష్ఠురముగా చెప్పుట లేదు; ఉన్న నేల భాష నేర్వవలసినదే, మన పెద్దలును నేర్చినవారే. కాని లిపి తప్పిపోయిన ఇంట భాషకు చెవియొక్కటే ఆధారము. చెవికి ఏది సోకుచున్నదో పట్టించుకొనవలసినవారు మనమే.

కావున చంద్రముఖి యెవరో, ఎచ్చటినుండి వచ్చినదో బిడ్డలకు చెప్పుట మంచిది. పాత్ర కల్పితమే. చిత్రకథ ఆమెది ఆంధ్రదేశపు విజయనగరమనును. విజయనగరములు రెండు. తుంగభద్రాతీరమున రాయల విజయనగరమొకటి. మనవారి వలసలకథలు పెద్దల నోట ఆ విజయనగర కాలమునకే ముడిపడి యుండును. ఉత్తరాంధ్రమున పూసపాటివారి విజయనగరము రెండవది. పూసపాటి యను ఇంటిపేరు మన యూర క్రొత్తది కాదు. 1949నుండి 1952వరకు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన పూసపాటి సంజీవి కుమారస్వామిరాజుగారు రాజపాళయమువారే. అనగా తెరపై దయ్యమై కనబడిన ఆ నర్తకి మన ఇంటిపేరు గల సంస్థానపు పట్టణమునుండి వచ్చినది! ఆ పూసపాటివారి ఆస్థానముననే గురజాడ అప్పారావుగారు కొలువు చేసిరి. ఆ పట్టణముననే 1892లో 'కన్యాశుల్కము' మొదట ప్రదర్శితమయ్యెను. అందలి మధురవాణి విజయనగరపు వేశ్య. ఎదుటివారి కపటములన్నియు కనిపెట్టి, నవ్వుచు, చివరకు అందరికంటె ఉన్నతముగా నిలిచిన ఆ పాత్రను 1955నాటి చిత్రమున సావిత్రిగారు ధరించిరి. ఒకే విజయనగరపు ఇద్దరు నర్తకీమణులు. గురజాడవారు ఒకతెకు తెలివినిచ్చిరి, నూరేండ్ల తరువాత సినిమావారు మరియొకతెకు వెర్రినిచ్చిరి.

తమిళనాటి కోటలలో తెలుగు నర్తకీమణుల చరిత్ర మరింత గొప్పది. తంజావూరు విజయరాఘవనాయకుని కొలువున, పదునేడవ శతాబ్దమున, రంగాజమ్మ 'మన్నారుదాసవిలాసము', 'ఉషాపరిణయము' రచించి కనకాభిషేకము పొందినది. క్షేత్రయ్య పదములు పాడుచు తిరిగిన సభలలో తంజావూరు, మధుర కూడ నున్నవి. పదునెనిమిదవ శతాబ్దమున మరాఠారాజు ప్రతాపసింహుని కొలువున ముద్దుపళని 'రాధికాసాంత్వనము' వ్రాసినది. మరాఠీ రాజు, తమిళదేశము, తెలుగు కావ్యము. భాషను గూర్చి ఎవ్వరును ఎవ్వరిని అడ్డగింపని కాలము. ప్రభువు తెచ్చి బంధించిన అబల కాదు ముద్దుపళని. తన అవ్వను తన తల్లిని సగర్వముగా చెప్పుకొని, తన విద్యను తానే చాటుకొన్న కవయిత్రి.

గదికి తాళము వేయుట మాత్రము ఆమె విషయములోను జరిగినది. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును సంపూర్ణముగా పరిష్కరించి వావిళ్లవారిచేత అచ్చు వేయించిరి. ఆమెయు దేవదాసీకులమున పుట్టినవారు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినవారు. కొందరు పండితులు అశ్లీలమని గోల చేయగా ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. ప్రతులు పట్టుబడినవి. ముప్పది యేండ్లకు పైగా ఆ తాళము అట్లే యుండెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానిగా నుండిన కాలమున, 1946-47లో, నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు మరల ప్రకటించిరి. సినిమాలోని గది తెరచినపుడు లోపల గజ్జెలును, నగలును, ఒక చిత్తరువును కనబడినవి. ఈ గది తెరచినపుడు కనబడినది నాలుగు ఆశ్వాసముల కావ్యము.

మనకు కూతవేటు దూరమున, పది పన్నెండు కిలోమీటర్లలో, శ్రీవిల్లిపుత్తూరు గలదు. తమిళ కన్య గోదాదేవి కథను కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'గా తెలుగున రచించుట అందరెరిగినదే. తమిళమహిళ తెలుగుకావ్యమున దేవి యైనది. తెలుగుమహిళ తమిళచిత్రమున దయ్యమైనది. లెక్క సరిపుచ్చుమని ఎవరిని అడుగము గాని, రెండును ఒకే పొరుగుతనమునుండి పుట్టినవని మరువరాదు. పొరుగువారిని గూర్చియే మనుష్యుడు ఎక్కువ కలలు కనును, ఎక్కువగా భయపడును.

నటన విషయమునకు మరల వత్తును. నటుడు పాత్రయై, ఆ పాత్ర వానిని విడువకపోవుట కేవలము సినిమా కల్పన యని తలంపరాదు. తమిళనాట, తంజావూరు చెంత మేలట్టూరున, ఇది ఏటేట కన్నులార చూడవచ్చును, అదియు తెలుగుభాషలోనే. నాయకరాజుల కాలమున అగ్రహారము పొందిన కుటుంబములవారు అచ్చట భాగవతమేళనాటకములను నేటికిని ఆడుచున్నారు. వేంకటరామశాస్త్రిగారి తెలుగు యక్షగానములే వారి నాటకములు. స్త్రీపాత్రలను కూడ పురుషులే ధరింతురు. నృసింహజయంతి సందర్భమున ఆడెడు 'ప్రహ్లాదచరిత్రము' వానిలో ముఖ్యము. నరసింహుని ముఖవేషము అలంకారవస్తువు కాదు. ఆలయమున పూజలందుకొను మూర్తి. దానిని ధరించువాడు ఆ దినమున ఉపవాసముండును. రాత్రి గడచి, స్తంభము చీలి, నరసింహుడు వెలువడు వేళకు ముఖవేషము ధరించిన మనిషికి ఆవేశము వచ్చును. హిరణ్యకశిపుడు ఎదుట నిలిచి వాదించుచుండగా నరసింహుని ఇద్దరు ముగ్గురు పట్టుకొని ఆపవలసియుండును. హిరణ్యకశిపుని వేషము ధరించినవాడు కూడ తోటి గ్రామస్థుడే, పట్టు విడిచిన ప్రమాదమని వారి భయము. చూచువారు నాటకమని మరచి చేతులు జోడింతురు.

ఇచ్చట దయ్యము కాదు, దేవుడు. ఐనను వైద్యుడు గంగను చూచి చెప్పిన మాట ఈ నటునికిని వర్తించును: విన్న కథలో తన్ను పూర్తిగా కలుపుకొన్నవాడు కొంతసేపు తానుగా మిగులడు. శోభన, సౌందర్య, జ్యోతికగార్లు కెమెరా యెదుట శిక్షణతో సాధించినది, మేలట్టూరు నటునికి ఉపవాసముతోను నమ్మకముతోను ప్రాప్తించుచున్నది. గంగకు నివారణ కొరకు వైద్యుడు రాజునకు మారుగా ఒక బొమ్మను దహింపించి, పగ తీరినదని ఆమె మనస్సును నమ్మింపవలసివచ్చెను. మేలట్టూరున అంత పని లేదు. ఆవేశము చల్లారిన పిదప ముఖవేషమును తొలగింతురు. నటుడు అలసి ఒరగును. తోడివారు వానికి నీరిచ్చి విసరుదురు. ఆ వంశములవారిలో తెలుగు లిపి ఎరుగనివారును, నాటకమంతయు చెవితోనే నేర్చినవారును కలరు. ముఖవేషమును తెల్లవారునప్పటికి మరల ఆలయమునకు చేర్చి, యథాస్థానమున నుంచుదురు.